బొజ్జ కుక్కపిల్ల కడుపులో ఏముంది?

వీధి మలుపులో ఏ కుక్కో పిల్లలు పెడుతుంది. నెల తిరిగేసరికి అవి ఇసుక కుప్ప దిగి రోడ్డు మీదికొచ్చి, ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతుంటే వచ్చేపోయేవాళ్లు ఓ నిమిషం ఆగుతారు. అందులో ఒకదాని పొట్ట కుండలా గుండ్రంగా కనిపిస్తే "తల్లి పాలన్నీ ఇదే తాగేస్తున్నట్టుంది" అని ముచ్చటపడతారు. ఆ ముచ్చట నాకూ ఉండేది. ఇప్పుడు మాత్రం ముందు దాని వీపు మీద చెయ్యి వేసి చూస్తాను. వెన్నుపూసలు వేళ్లకు గుచ్చుకుంటూ, పక్కటెముకలు లెక్కపెట్టగలిగేలా ఉండి, బొచ్చు మెరుపు లేక రేగి, పొట్ట ఒక్కటే ఉబ్బితే అది పాల బొజ్జ అయ్యే అవకాశం తక్కువ. చాలాసార్లు అది పురుగుల బొజ్జే. ఆ బొజ్జ లోపలి విశేషాలే ఇవి. కొన్ని వింతగా ఉంటాయి, కొన్ని భయపెడతాయి.

పేర్లు చెప్పే సంగతులు

గొర్రెలకాపరులు, పాడిరైతులు నట్టలు అంటారు. ఇళ్లలో నులిపురుగులు అంటాం. బడి పాఠాలు గుర్తున్నవాళ్లకు ఏలికపాము, కొంకిపురుగు, బద్దెపురుగు అన్న పేర్లు తెలుసు. కుక్క పేగుల్లో ముఖ్యంగా ఉండేవి ఈ మూడూ, వీటికి తోడు కొరడాపురుగు. కుక్కల ఏలికపాముకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు టాక్సోకారా కానిస్. మెడకు రెండువైపులా రెక్కల్లాంటి అంచులుండి దాని తల బాణపు ములికిలా కనిపిస్తుంది, గ్రీకు పేరు అందుకే వచ్చింది. కొంకిపురుగు పేరు ఆన్సిలోస్టోమా, అంటే వంకరనోటిది. సాధారణంగా కనిపించే బద్దెపురుగు పేరు డిపైలీడియం, అంటే రెండు ద్వారాలది. దాని ఒక్కో ముక్కకూ ఇరుపక్కలా ఒక్కో రంధ్రం ఉంటుంది.

కొరడాపురుగుకు మాత్రం తప్పు పేరు పడింది. ట్రైకూరిస్ అంటే వెంట్రుక తోక. 1761లో ఆ పేరు పెట్టినప్పుడు దారంలాంటి సన్నటి భాగాన్ని తోక అనుకున్నారు. నిజానికి అది తలవైపు. పేగు గోడలో దిగబడి ఉండేది ఆ సన్నటి కొసే. తప్పు తెలిశాక ‘వెంట్రుక తల’ అని అర్థం వచ్చే మరో పేరు పెట్టి చూశారు కానీ, ముందు పెట్టిన పేరే చెల్లాలన్న నియమం వల్ల తోకే నిలిచిపోయింది.

పుట్టకముందే పట్టుకునే పురుగు

ఈ మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువగా కదిలించిన సంగతి ఇది. ఎప్పుడో తల్లి కుక్క మట్టిలోంచి మింగిన ఏలికపాము గుడ్లు దాని కడుపులో పొదుగుతాయి. బయటపడ్డ లార్వాలు పేగులో పురుగులుగా ఎదగకుండా కండరాల్లోకీ ఇతర అవయవాల్లోకీ వెళ్లి నిద్రపోతాయి. ఏళ్ల తరబడి అలాగే ఉంటాయి. కుక్క ఆరోగ్యంగా తిరుగుతుంది, మలం పరీక్షలో ఏమీ కనపడదు. ఎప్పటికప్పుడు వేసే నట్టల మందు పేగులోని పురుగులను దించుతుందే కానీ ఈ నిద్రలో ఉన్నవాటిని ముట్టుకోలేదు.

ఆ కుక్క చూలుతో ఉన్నప్పుడు, దాదాపు 42వ రోజుకు, ఆ లార్వాలు మేలుకుంటాయి. మావిని దాటి కడుపులోని పిల్లల కాలేయంలోకి చేరతాయి. కుక్క గర్భం సుమారు 63 రోజులు. అంటే లోకం చూడడానికి మూడు వారాల ముందే పిల్ల ఒంట్లో పురుగు చేరిపోయింది. పుట్టిన పిల్లకు మూడు వారాలు దాటేసరికి దాని పేగులో పురుగులు పెద్దవై గుడ్లు పెట్టడం మొదలవుతుంది. శుభ్రమైన గదిలో, ఉతికిన దుప్పటి మీద, ఖరీదైన జాతి కుక్కకు పుట్టిన పిల్లయినా అంతే. "మా ఇంట్లో పుట్టింది, వీధి మొహం చూడలేదు, దీనికి పురుగులెలా వస్తాయి" అని అడిగేవారికి జవాబు ఇదే.

కొంకిపురుగు ఇంకో దారి ఎంచుకుంది. అది పాలలో వస్తుంది. తల్లి కండరాల్లో దాగిన లార్వాలు ఈనాక పొదుగులోకి చేరి పాలతోపాటు పిల్లల నోట్లో పడతాయి. తల్లికి ఒకసారి బాగా సోకితే, ఆ నిల్వ ఒక్క ఈతతో తీరిపోదు.

దగ్గుకు కారణం పేగులో ఉందా?

కుక్కపిల్ల దగ్గుతుంటే చల్లగాలి తగిలిందనుకుంటాం. కొన్నిసార్లు ఆ దగ్గు పురుగులదే. కుక్కపిల్ల ఒంట్లో ఏలికపాము లార్వా తిన్నగా పేగులో స్థిరపడదు. పేగు గోడ తొలుచుకుని రక్తంలో పడి, కాలేయం మీదుగా గుండెకు, అక్కణ్నుంచి ఊపిరితిత్తులకు వెళుతుంది. గాలిగొట్టంలోంచి పైకెక్కి, దగ్గుతో గొంతులోకొచ్చి, మళ్లీ మింగుడుపడి, అప్పుడు పేగులో కాపురం పెడుతుంది. ఇంత చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే వస్తుందన్నమాట. ఎక్కువ సంఖ్యలో ఊపిరితిత్తులు దాటితే పసిపిల్లకు న్యుమోనియా వచ్చి, మలంలో ఒక్క పురుగు కూడా కనపడకముందే ప్రాణం పోవచ్చు.

మనుషుల ఏలికపాముదీ ఇదే దారి. దాన్ని తన ఒంటిమీదే తేల్చినవాడు జపాన్ వైద్యుడు షిమెసు కోయినో. 1922లో ఆయన మనుషుల ఏలికపాము గుడ్లు 2,000 మింగాడు. కొన్నాళ్లకు న్యుమోనియాలాంటి జబ్బు చేసింది. కఫంలో లార్వాలు కనిపించాయి. ఆ సాహసం అందరూ చేయదగ్గది కాదు కానీ, కుక్కపిల్ల దగ్గిన ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తాడు.

లక్ష గుడ్లు, రెండు వారాల గడువు

పెద్ద ఏలికపాము జానెడు దాకా పెరగగలదు. తెల్లగా, చుట్టచుట్టుకుని, ఉడికిన సేమియాలా ఉంటుంది. వాంతిలో పడితే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఒక్క ఆడ పురుగు రోజుకు పెట్టే గుడ్లు లక్ష దాకా ఉండవచ్చు. పిల్ల కడుపులో అలాంటివి పది ఉన్నా, వాకిట్లో అది కూర్చున్న ప్రతిచోటా లక్షల గుడ్లు పడుతున్నట్టే.

అయితే అప్పుడే పడ్డ గుడ్డు ఎవరికీ హాని చేయలేదు. ఈ సంగతి చాలామందికి తెలియదు. దాని లోపల లార్వా తయారు కావాలంటే వెచ్చదనం, తేమ, కాలం కావాలి. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. కుక్క మలాన్ని ఏ రోజుకారోజు ఎత్తి పారేస్తే గుడ్డు పండే అవకాశమే ఉండదు. వదిలేస్తే ఎండకు మలం పొడిగా రాలి, వానకు కరిగి, కంటికి ఏమీ కనపడకుండా పోతుంది. గుడ్లు మాత్రం మట్టిలో ఏళ్లపాటు బతికి ఉంటాయి. కనుక పెంపుడు కుక్కను నిమరడం కన్నా, ఎప్పుడో కుక్క కూర్చున్న చోట పిల్లలు మట్టిలో ఆడుకుని చేతులు కడుక్కోకుండా తినడమే ప్రమాదం. కుక్కను ప్రేమించేవాళ్ల మీద ఊరికే కోప్పడేవారు ఈ తేడా గమనించాలి. కుక్కను ప్రేమిస్తూ మలం ఎత్తనివాళ్లు ఇంకా గట్టిగా గమనించాలి.

ఫినాయిల్ చల్లితే పోతాయిగా అంటారు. పోవు. ఏలికపాము గుడ్డుకు మందమైన, జిగురు పెంకు ఉంటుంది. ఫినాయిల్, బ్లీచింగ్ లాంటివి దాన్ని చంపలేవు. మలం పూర్తిగా తీసేసి, గచ్చును సలసల కాగే నీళ్లతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టడమే దారి. కొంకిపురుగు లార్వాలకు మాత్రం ఎండ పొడ గిట్టదు. నీడపట్టున, తడి ఇసుకలో బతికే ఆ ప్రాణులు ఎండిన గచ్చు మీద త్వరగా చస్తాయి.

చిన్న లెక్క

కొంకిపురుగు పొడవు ఒకటి, రెండు సెంటీమీటర్లు. నోట్లో మూడు జతల పళ్లు. పేగు గోడను కొరికి పట్టుకుని రక్తం పీలుస్తుంది. ఒక్కో పురుగు రోజుకు పోగొట్టే రక్తం సుమారు 0.1 మిల్లీలీటరు. ఇంతేనా అనిపిస్తుంది. ఇప్పుడు లెక్క వేయండి. కిలో బరువున్న కుక్కపిల్ల ఒంట్లో మొత్తం రక్తం 80, 90 మిల్లీలీటర్లు. దాని పేగులో 100 పురుగులుంటే రోజుకు 10 మిల్లీలీటర్లు పోతుంది. ఒంట్లో ఉన్నదాంట్లో పదో వంతు కన్నా ఎక్కువే, ఒక్క రోజులో.

పైగా పురుగు ఒకేచోట ఉండదు. కొరికిన చోటు వదిలి ఇంకోచోట కొరుకుతుంది. పాత గాయంలోంచి రక్తం కారుతూనే ఉంటుంది, ఎందుకంటే దాని లాలాజలంలో రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఉంది. మలం తారులా నల్లగా వస్తుంది. ఇలాంటి పిల్లను ఒకసారి నేను పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్లాను. డాక్టరు గారు స్టెతస్కోపు కూడా తీయకుండా ముందు పిల్ల పైపెదవి ఎత్తి చూపించారు. చిగుళ్లు గులాబీరంగులో ఉండాల్సింది, సున్నం వేసిన గోడలా ఉన్నాయి. "రెండు రోజుల ముందు తేవలసింది" అన్నారు. ఆ పిల్ల దక్కలేదు. పెదవి ఎత్తి చిగురు రంగు చూడటానికి ఎవరి డిగ్రీ అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. వారానికోసారి చూడండి.

పురుగు లాలాజలంలోంచి మందు

రక్తం గడ్డకట్టనివ్వని ఆ పదార్థాల్లో ఒకదాన్ని శాస్త్రజ్ఞులు కుక్కల కొంకిపురుగు నుంచే గుర్తించి, ప్రయోగశాలలో తయారుచేసుకున్నారు. ఎబోలా సోకినవాళ్ల రక్తనాళాల్లో రక్తం విపరీతంగా గడ్డలు కడుతుంది. దాన్ని ఆపితే ఏమవుతుందోనని అమెరికా పరిశోధకులు ఎబోలా సోకిన కోతులకు ఈ మందు ఇచ్చి చూశారు. 2003లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. మందు పడ్డ కోతుల్లో మూడో వంతు బతికాయి. ఎబోలా సోకిన కోతి బతకడమే అరుదైన ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు.

చెయ్యి మీద ఒలికిన చుక్క

కొంకిపురుగు నోటిద్వారానే రాదు, చర్మాన్ని తొలుచుకునీ వస్తుంది. ఇది తెలిసింది ప్రమాదవశాత్తూ. కైరోలో పనిచేసిన జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆర్థర్ లూస్ పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మనుషుల కొంకిపురుగు లార్వాలున్న నీటిని పొరపాటున చేతిమీద ఒలకబోసుకున్నాడు. చెయ్యి మండి ఎర్రబడింది. కొన్ని వారాలకు ఆయన మలంలోనే కొంకిపురుగు గుడ్లు కనిపించాయి.

కుక్కల, పిల్లుల కొంకిపురుగు లార్వాలు మన చర్మంలోకి దూరితే సాధారణంగా ఇంకా లోపలికి పోలేవు. దారి తెలియక చర్మం కిందే మెలికలు తిరుగుతూ పాకుతాయి. పాకినమేర ఎర్రటి గీత, భరించలేని దురద. సముద్రపు ఒడ్డున వట్టికాళ్లతో తిరిగినవాళ్లకు, తడి ఇసుకలో పనిచేసేవాళ్లకు వస్తుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో దీన్ని ప్లంబర్ల దురద అనేవాళ్లు. ఇళ్ల కింద తడి ఇసుకలో పాకుతూ గొట్టాలు బిగించేది వాళ్లే కదా. దానికి కారణం కొంకిపురుగు లార్వాలేనని 1920లలో అక్కడి పరిశోధకులే రుజువు చేశారు.

అన్ని కుక్కల కొంకిపురుగులూ ఇలా చర్మం దగ్గరే ఆగిపోవు. సిలోన్‌లో పునుగుపిల్లి నుంచి సేకరించగా 1911లో లూస్ వర్ణించిన సిలానికమ్ అనే జాతి, మనిషి పేగులో కూడా పూర్తిగా ఎదిగి గుడ్లు పెట్టగలదు. ఆసియా దేశాల్లో కుక్కలకూ మనుషులకూ ఉమ్మడిగా ఉన్న పురుగు అది.

46 కళ్లు

1950లో వాషింగ్టన్‌లో హెలెనార్ కాంప్‌బెల్ వైల్డర్ అనే పరిశోధకురాలు, భద్రపరిచి ఉంచిన చిన్నారుల కళ్లను సూక్ష్మదర్శిని కింద పరీక్షించారు. మొత్తం 46. చాలావరకు కంట్లో కేన్సర్ గడ్డ ఉందన్న అనుమానంతో శస్త్రచికిత్స చేసి తీసేసినవి. వాటిలో 24 కళ్లలో ఆమెకు కనిపించింది కేన్సర్ కాదు, ఒక చిన్న పురుగు లార్వా, లేదా దాని అవశేషం. ఆరేళ్ల తరువాత ఆ నమూనాలను మళ్లీ పరిశీలించినప్పుడు కొన్నింటిలో ఉన్నది కుక్కల ఏలికపాము లార్వా అని తేలింది. మధ్యలో, 1952లో, న్యూ ఆర్లీన్స్‌లో పాల్ బీవర్ బృందం ముగ్గురు పిల్లల్లో ఇదే లార్వా కాలేయంలాంటి అవయవాల్లో తిరుగుతూ జబ్బు చేయడాన్ని వివరించింది.

మనిషి ఒంట్లో ఈ లార్వా పెద్దపురుగు కాలేదు. కుక్క పేగు దొరికేదాకా వెతుకుతున్నట్టు తిరుగుతూనే ఉంటుంది. చాలామందిలో ఏ బాధా లేకుండా సద్దుమణుగుతుంది. కంటికి చేరితే మాత్రం చూపు పోవచ్చు. ఆ 24 కళ్ల సంగతి చదివిన రోజు నుంచి, వీధిలో కుక్కపిల్లకు మందు వేయడమంటే పక్కింటి పసివాడి కంటికి కాపలా కాయడమే అనిపిస్తుంది.

బియ్యపు గింజ నడుస్తుందా?

కుక్క తోక కింద బొచ్చులో, అది పడుకున్న గోనెపట్టా మీద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే కాసేపు కదలకుండా చూడండి. గింజ మెల్లగా సాగి, ముడుచుకుని, జరుగుతుంది. అది బద్దెపురుగు విడిచిన ముక్క. ఎండితే దోసగింజలా కనిపిస్తుంది. దాన్నిండా గుడ్ల సంచులే.

ఈ గుడ్లను కుక్క మింగినా బద్దెపురుగు రాదు. మధ్యలో ఇంకో ప్రాణి కావాలి. అది ఫ్లీ, అంటే బొచ్చులో గెంతుతూ తిరిగే చిన్న పురుగు. రక్తం తాగి ఉబ్బి కదలకుండా అంటుకుని ఉండే గోమారి వేరు, ఇది వేరు. ఫ్లీ పిల్లపురుగు నేలమీద ఆ గుడ్లను తింటుంది. అది పెరిగి పెద్దదై కుక్క ఒంటిమీద చేరి కరిస్తే, దురదకు కుక్క పళ్లతో కొరుక్కుంటూ దాన్ని మింగుతుంది. అప్పుడు చక్రం పూర్తవుతుంది. అందుకే ఒంటిమీద పురుగులు పోగొట్టకుండా బద్దెపురుగుకు ఎన్నిసార్లు మందు వేసినా నెల తిరక్కుండా మళ్లీ వస్తుంది. చిన్నపిల్లలు పొరపాటున ఫ్లీని మింగినా వాళ్లకూ రావచ్చు.

ఇంకో మాట. కుక్క పిర్రలు నేలకు రాస్తూ జరుగుతుంటే "పురుగులు పడ్డాయి" అని తేల్చేస్తాం. బద్దెపురుగు ముక్కలు దురద పెట్టడం నిజమే కానీ, ఎక్కువసార్లు కారణం మలద్వారం పక్కనుండే రెండు చిన్న గ్రంథులు నిండిపోవడం. మందు వేసినా తగ్గకపోతే అది చూపించాలి.

ఐస్‌లాండ్ చదివిన చిన్న పుస్తకం

కుక్కల బద్దెపురుగుల్లో అతి చిన్నది ఎకినోకోకస్. కొన్ని మిల్లీమీటర్లే ఉంటుంది. ఒక్క కుక్క పేగులో వేల సంఖ్యలో ఉన్నా కుక్కకు పెద్దగా ఇబ్బంది ఉండదు. బాధంతా దాని గుడ్లు మింగిన గొర్రెకు, మేకకు, గేదెకు, మనిషికి. కాలేయంలోనో ఊపిరితిత్తిలోనో నీటితిత్తి మొదలై, ఏళ్లకేళ్లు నెమ్మదిగా పెరిగి, కొబ్బరికాయంత కావచ్చు. లోపల పగిలితే ప్రాణాపాయం. ఆ తిత్తి ఉన్న గొర్రె కాలేయాన్ని కుక్కకు పడేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ జబ్బు ఐస్‌లాండ్‌ను పీడించింది. 1863లో డెన్మార్క్ నుంచి హారల్డ్ క్రాబె అనే శాస్త్రజ్ఞుడు అక్కడికి వెళ్లి 100 కుక్కలను కోసి చూస్తే 28లో ఈ పురుగు ఉంది. మరుసటి సంవత్సరమే ఆయన మామూలు జనానికి అర్థమయ్యేలా ఒక చిన్న పుస్తకం రాశాడు. దాన్ని ఉచితంగా ఇంటింటికీ పంచారు. తిత్తులున్న మాంసాన్ని కుక్కలకు వేయకండి, కాల్చండి లేదా పూడ్చండి, కుక్క ముట్టిన చేతిని కడుక్కోండి, ఇంతే సారాంశం. చదవడం అలవాటున్న జాతి కనుక జనం చదివారు, చదివింది చేశారు. కుక్కల సంఖ్య మీద, వాటికి మందు వేయడం మీద చట్టాలు వచ్చాయి. రాజధాని రేక్యావిక్‌లో 1924 నుంచి 1984 దాకా కుక్కను పెంచడమే నిషేధం. ఆ దేశం ఈ జబ్బును తుడిచిపెట్టగలిగింది. నిషేధం కన్నా ఆ పుస్తకానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

మన కర్నూలు

ఈ నీటితిత్తి జబ్బు మనకు దూరపు సంగతి కాదు. గొర్రెల మందలు ఎక్కువగా ఉన్న కర్నూలు ప్రాంతంలో దీని వ్యాప్తి మీద అక్కడి వైద్యులు చేసిన అధ్యయనం 1968లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. మన దేశంలో ఈ జబ్బు గురించి రాసేవారు ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల పేర్లు ఇప్పటికీ ముందు చెబుతారు. కారణం వెతుక్కోనక్కర్లేదు. పండక్కి ఇంటిముందే వేట కోస్తాం. ‘నీటి బుడగలున్నాయి, తినడానికి పనికిరాదు’ అని పక్కకు తీసిన కాలేయం ముక్కను అక్కడే తోక ఊపుతున్న కుక్కకు విసురుతాం. ఆ ఒక్క విసురు ఆగితే చాలు, చక్రం తెగుతుంది. గుంట తీసి పూడ్చడానికి పది నిమిషాలు పడుతుంది.

గొర్రె గుండ్రంగా తిరిగితే

మందలో ఒక గొర్రె ఉన్నట్టుండి తల ఒకవైపు వాల్చి, అదేవైపు గిరగిరా తిరగడం కాపరులకు తెలిసిన దృశ్యమే. చాలాసార్లు దాని మెదడులో ఇంకో కుక్క బద్దెపురుగు తాలూకు నీటితిత్తి ఉంటుంది. ఆ గొర్రె చచ్చిపోతే తలను మంద కుక్కకు వేస్తారు. కుక్క ఆ మెదడు తింటుంది, మళ్లీ గడ్డిమీద గుడ్లు విడుస్తుంది. గొర్రెలన్నింటికీ నట్టల మందు తాగించి, వాటి వెంట తిరిగే కుక్కను మరిచిపోతే పని సగమే అయినట్టు.

తాంబూలంలో ఉన్న మందు

బద్దెపురుగుకు ఒకప్పుడు ప్రపంచమంతా వాడిన మందు మన తాంబూలంలోనే ఉంది. వక్కపొడి. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో కుక్కలకు పురుగులు దించడానికి వక్కను పొడిచేసి ఇచ్చేవారు. వక్కలోని అరికోలిన్ అనే పదార్థం పురుగును చచ్చుబడేలా చేస్తుంది, పేగును గట్టిగా కదిలించి విరేచనం చేయిస్తుంది. న్యూజీలాండ్‌లో నీటితిత్తి జబ్బు మీద 1959లో చట్టం చేసి, ఊరి కుక్కలన్నింటినీ ఒకచోటికి రప్పించి, ఈ అరికోలిన్ మందు వేసి, వాటి విరేచనాన్ని పరీక్షించేవారు. 2002లో ఆ దేశం ఆ జబ్బు నుంచి బయటపడినట్టు ప్రకటించుకుంది.

ఇది చదివి వక్కపొడి డబ్బా తీయకండి. మోతాదు కాస్త హెచ్చితే కుక్క వాంతులు, విరేచనాలతో కుప్పకూలుతుంది, గుండె కూడా ఆగవచ్చు. 1970లలో ప్రాజిక్వాంటెల్ అనే మందు వచ్చాక ఈ అవసరం తీరిపోయింది.

నాలుక కింద పురుగు

ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ కాలం నుంచీ ఐరోపాలో ఒక నమ్మకం ఉండేది. కుక్క నాలుక కింద ఒక పురుగుంటుందనీ, అదే పిచ్చికి కారణమనీ. పసితనంలోనే నాలుక చీల్చి దాన్ని తీసేసేవారు. నిజానికి అది పురుగు కాదు. నాలుకకు ఊతంగా ఉండే మెత్తని కడ్డీలాంటి భాగం, పుట్టుకతోనే ఉంటుంది. ఎన్ని కుక్కలు అన్యాయంగా ఆ బాధ పడ్డాయో.

మన నమ్మకాలు మూడు

బెల్లం, తీపి తింటే పురుగులు పడతాయంటారు. పడవు. తీపి కుక్కకు మంచిది కాదు, అది వేరే మాట. పురుగుకు తల్లి గుడ్డు, తీపి కాదు.

వెల్లుల్లి పెడితే పురుగులు దిగుతాయంటారు. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. కొంకిపురుగులతో రక్తం పోగొట్టుకున్న పిల్లకు వెల్లుల్లి పెట్టడమంటే ఉన్న కాస్తా లాగేసుకోవడమే.

మూడోది చదువుకున్నవాళ్ల పొరపాటు. 2015 నుంచి ఏటా ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. మంచి కార్యక్రమం. కానీ ఇంట్లో మిగిలిన ఆ మాత్రను కుక్కకు వేయకూడదు. ఆల్బెండజోల్ కుక్కల్లో ఎముకమజ్జను దెబ్బతీసి రక్తకణాలు తయారవకుండా చేయగలదు. దాని చుట్టమే అయిన ఫెన్‌బెండజోల్ కుక్కలకు క్షేమంగా వాడుతున్న మందు. పేర్లు దగ్గరగా ఉన్నంత మాత్రాన మందులు ఒకటి కావు.

గోల్ఫ్ మైదానం మట్టి, కోలీ కుక్క

జపాన్‌లో కవానా అనే చోట, ఒక గోల్ఫ్ మైదానం దగ్గరి మట్టిలో శాస్త్రజ్ఞుడు సతోషి ఓమురాకు దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చింది ఐవర్‌మెక్టిన్. దాని మీద పనిచేసిన ఆయనకూ, విలియం క్యాంప్‌బెల్‌కూ 2015లో నోబెల్ బహుమతి దక్కింది. అంత గొప్ప మందు కూడా కోలీ జాతి కుక్కల్లో కొన్నింటిని చంపేయగలదు. మెదడులోకి మందును పోనివ్వకుండా ఆపే జన్యువు వాటిలో పాడై ఉంటుందని 2001లో వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కనుగొన్నారు. పశువులకు వేసే ఈ సూదిమందును అంచనాగా కుక్కకు పొడిచేవారు ఇది తెలుసుకోవాలి. బద్దెపురుగు మీద అది పనిచేయదు కూడా.

అమెరికాలో పందెపు గ్రేహౌండ్ కుక్కలకు ఏళ్ల తరబడి ఎడాపెడా నట్టల మందులు పోశారు. ఇప్పుడు వాటిలో మూడు రకాల మందులకూ లొంగని కొంకిపురుగులు ఉన్నాయని జార్జియా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. పందేలు చాలాచోట్ల ఆగిపోయి ఆ కుక్కలు ఇళ్లకు చేరుతుంటే, ఆ పురుగులూ వాటితో చేరుతున్నాయి.

ఉప్పునీటిలో నిమ్మకాయలు

పశువుల ఆసుపత్రిలో మల పరీక్ష చాలా సరళమైనది. కొద్దిగా మలాన్ని ఉప్పో పంచదారో బాగా కలిపిన చిక్కటి నీటిలో కరిగిస్తారు. గుడ్లు తేలికగా ఉండి పైకి తేలతాయి. పైపొరను గాజుపలక మీదికి తీసుకుని సూక్ష్మదర్శినిలో చూస్తారు. ఏలికపాము గుడ్డు గుండ్రంగా, గుంటలు పడ్డ మందపు పెంకుతో ఉంటుంది. కొంకిపురుగుది పలచని పెంకుతో కోలగా. కొరడాపురుగుది అచ్చం చిన్న నిమ్మకాయ, రెండు కొసలా రెండు బిరడాలు. కొరడాపురుగు కుక్కలో చేరి గుడ్లు పెట్టడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది కనుక, ఆ లోపు చేసిన పరీక్షలో ఏమీ ఉండదు. ఒక్క పరీక్షలో ‘లేవు’ అని వస్తే నిజంగా లేవని అనుకోనక్కర్లేదు.

పసిపిల్ల వాంతులు చేసుకుంటూ రక్తంతో దుర్వాసనగా విరేచనాలు అవుతుంటే మాత్రం ఇంట్లో నట్టల మందు వేసి కూర్చోకండి. అది పార్వో వైరస్ కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి.

తీర్పులో ఒక మాట

2025 ఆగస్టు 22న వీధికుక్కల విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం గురించి పత్రికలన్నీ రాశాయి. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స, రేబిస్ టీకా అన్న రెండు మాటలే అందరి నోటా నలిగాయి. వాటి పక్కనే, పట్టిన కుక్కలకు నట్టల మందు వేయాలన్న మాట కూడా అందులో ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

కళ్లు తెరిచే రోజు

కుక్కపిల్ల కళ్లు తెరిచేది పదో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య. మొదటి మోతాదు మందు పడవలసిందీ రెండో వారం ముగిసేసరికే. పురుగు కనిపించాక కాదు, బొజ్జ ఉబ్బాక కాదు. అక్కణ్నుంచి రెండు వారాలకోసారి, పాలు మాన్పించిన తరువాత మరో రెండు వారాల దాకా. ఆ పైన ఆరో నెల వచ్చేవరకు నెలకోసారి. పెద్ద కుక్కకు ఎన్నాళ్లకోసారి అన్నది అది తినే తిండిని బట్టి, తిరిగే చోటును బట్టి డాక్టరు చెబుతారు. పిల్లలకు వేసిన రోజే తల్లికీ వేయాలి. పిల్లల ఒళ్లు నాకి శుభ్రం చేసేది ఆమే కనుక, మళ్లీ మళ్లీ సోకేదీ ఆమెకే. ఇంట్లో చూలుకుక్క ఉంటే ముందుగానే అడిగితే, 40వ రోజు నుంచి ఈనిన రెండు వారాల వరకు రోజూ ఇచ్చే మందు సంగతి చెబుతారు. నిద్ర లేచిన లార్వాలను దెబ్బతీయడానికి అదే అదను.

మందు మోతాదు బరువును బట్టే ఉంటుంది, కంటి అంచనా పనికిరాదు. పోయిన నెల మా వీధిలో ఐదు పిల్లలకు పదిహేనో రోజు వచ్చింది. కిరాణా కొట్టాయన తన కాటా మీద పాత పేపరు పరిచి ఇచ్చాడు. అన్నిటికన్నా చిన్నది 640 గ్రాములు, పెద్దది 910. పశువుల ఆసుపత్రి నుంచి తెచ్చిన మందును సూది తీసిన సిరంజితో ఒక్కోదాని దవడ పక్కనుంచి పోశాం. తల్లి పక్కనే కూర్చుని ఒక్కో పిల్లనూ వాసన చూసి దగ్గరికి లాక్కుంది. ఆమెకు మాత్ర పెరుగన్నంలో కలిపి పెట్టాం. మర్నాడు గోనెపట్టా మీద పురుగులు పడ్డాయి, చీపురుతో తీసి గుంటలో పూడ్చాం. కొట్టాయన గోడమీది క్యాలెండర్‌లో మళ్లీ మందు వేయాల్సిన తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన ‘కాటా’ అని రాసుకున్నాడు.